మా వాడి మూడు టర్ముల చదువు ఎవరి లెక్కలోకి వస్తుంది?

రక్షణ మంత్రిత్వ శాఖ అధికారులకు, యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) పెద్దలకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నత విద్యామండళ్ళ వారికి నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

అయ్యా, అమ్మా,

మాది విజయనగరం జిల్లా. నేను ఇంటి దగ్గర మిషను కుడతాను. మా ఆయన ఆటో నడుపుతారు. మా పెద్దవాడు 2022లో పన్నెండో తరగతి పాసయ్యాడు. యూపీఎస్సీ పరీక్ష రాసి, సైన్యానికి ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ ఐదు రోజులూ నెగ్గి, 2023 జనవరిలో సైనిక అకాడమీలో కేడెట్‌గా చేరాడు. నాలుగో టర్ములో (ఒక టర్మంటే ఆర్నెల్లు) ఉండగా అడ్డంకులు దాటే శిక్షణలో పైనుంచి పడ్డాడు. వెన్నుపూస చిట్లింది. నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాక మెడికల్ బోర్డు కూర్చుని, సైన్యంలో కొనసాగడానికి పనికిరాడని రాసింది. 2025 ఫిబ్రవరిలో ఇంటికొచ్చేశాడు.

అది ఏ అకాడమీ అన్నది రాయను. అక్కడి డాక్టర్లు, ఆఫీసర్లు వాణ్ని సొంత బిడ్డలా చూసుకున్నారు. దెబ్బ తగలడం ఎవరి తప్పూ కాదు. నా బాధంతా ఆ తర్వాత జరిగినదాని గురించే. నడుముకు బెల్టు కట్టుకుని ఇంటికొచ్చిన కుర్రాడు మళ్ళీ కాలేజీలో చేరాలంటే ఎలా, ఆ ఫీజు ఎవరు కడతారు అన్నది ఏ కాగితంలోనూ లేదు. అందుకే ఈ ఉత్తరం.

వాడు వచ్చిన రోజు ఆటోలోంచి నల్ల ట్రంకు పెట్టె దించాం. మూత మీద తెల్ల పెయింటుతో వాడి పేరు, నంబరు. మొదటి సెలవులకు వచ్చినప్పుడు వాడి ప్రతి బనీను మీదా, ప్రతి తువ్వాలు మీదా ఆ నంబరు నేనే ఎర్ర దారంతో కుట్టిచ్చాను. ఆ బట్టలన్నీ అలాగే మడతపెట్టి ఉన్నాయి. వాటి అడుగున పుస్తకాలు, ప్లాస్టిక్ కవర్లో మూడు టర్ముల మార్కుల కాగితాలు. రెండు వారాలు ఆ పెట్టె జోలికి ఎవరం వెళ్ళలేదు. తర్వాత ఓ రోజు పొద్దున్నే వాడే మంచం కిందనుంచి లాగి, కవరు తీసి, "అమ్మా, కాలేజీలో ఇవి చూపించి రెండో సంవత్సరంలో చేర్చుకోమని అడుగుదాం" అన్నాడు. వాడి నోట మళ్ళీ చదువు మాట విన్నాక మాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ కవరు పట్టుకుని నాలుగు కాలేజీలు తిరిగాం. మొదటి కాలేజీలో క్లర్కు గారు కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పి చూసి, "ఇది కాలేజీయా, ఉద్యోగమా?" అని అడిగారు. వెటకారంగా కాదు, ఆయనకు నిజంగా అర్థం కాలేదు. టీసీ అడిగారు. అకాడమీ వాళ్ళు ఇచ్చినది డిశ్చార్జి కాగితం. అది టీసీ కిందకు రాదన్నారు. ఏ యూనివర్సిటీ సిలబస్ అన్నారు. కేంద్ర విశ్వవిద్యాలయం డిగ్రీ ఇస్తుంది, ఇవిగో మార్కులు అని చూపించాం. మన యూనివర్సిటీ సిలబస్‌తో సరిపోల్చి చూడాలి, దానికో కమిటీ ఉండాలి, ఈ ఏడు కుదరదన్నారు. మూడో కాలేజీలో ప్రిన్సిపాల్ మేడం కుర్చీలోంచి లేచి వాడికి చేయిచ్చి కూర్చోబెట్టారు. "బాబూ, నాకు తీసుకోవాలనే ఉంది, నిబంధనలో దారి లేదు" అన్నారు. ఆమె మీద నాకు గౌరవమే. దారి వేయాల్సింది ఆమె కాదు కదా, మీరు.

చివరికి ఓ ప్రైవేటు యూనివర్సిటీ వాళ్ళు రెండో సంవత్సరంలో చేర్చుకుంటామన్నారు. ఫీజు ఏడాదికి లక్షా ఇరవై వేలు. హాస్టల్ వేరు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు, ఎందుకంటే అది కన్వీనర్ కోటా సీటు కాదు. నేను లైనింగ్ జాకెట్టుకు 350 రూపాయలు తీసుకుంటాను. ఆ రాత్రి కూర్చుని లెక్కేసుకున్నాను. దారం, లైనింగ్ గుడ్డ, కరెంటు ఖర్చులు తియ్యకుండానే 343 జాకెట్లు కుడితే ఒక్క ఏడాది ఫీజు. పెళ్ళిళ్ళ రోజుల్లో నాకు నెలకు నలభై జాకెట్లు వస్తే గొప్ప. ఆషాఢంలో పది కూడా రావు.

బ్యాంకుకు వెళ్ళాం. అడ్మిషన్ లెటర్ తెస్తే లోను సంగతి చూస్తామన్నారు. యూనివర్సిటీలో మొదటి విడత ఫీజు కడితే అడ్మిషన్ లెటర్ ఇస్తామన్నారు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం గురించి మా వాడే చదివి చెప్పాడు. తాకట్టు లేకుండా లోను ఇస్తారు, 8 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు 10 లక్షల లోను వరకు వడ్డీలో 3 శాతం రాయితీ ఉంటుంది. మంచి పథకమే. కానీ అది ర్యాంకుల్లో ముందున్న సంస్థలకే. మాకు దొరికిన చోటు ఆ జాబితాలో లేదు.

అప్పుడు వాడే తేల్చేశాడు. "గొలుసు తాకట్టు పెట్టొద్దమ్మా. ఆన్‌లైన్ అడ్మిషన్లలో మొదటి సంవత్సరంలో చేరతాను, రీయింబర్స్‌మెంట్ వస్తుంది" అన్నాడు. అలాగే చేరాడు. వాడితో పన్నెండు చదివిన పిల్లలు 2025లో డిగ్రీ పూర్తి చేశారు. అదే ఏడు మా వాడు డిగ్రీ మొదటి సంవత్సరం క్లాసులో కూర్చున్నాడు. మొదటి నెలలో ఓ సాయంత్రం రెండు నోటుబుక్కులు పక్కపక్కన పెట్టి నాకు చూపించాడు. ఒకటి అకాడమీది, ఒకటి కాలేజీది. రెండింటిలోనూ అదే మ్యాట్రిక్స్, అదే సీ ప్రోగ్రాము. అకాడమీ నోటుబుక్కులో చేతిరాత వేగంగా, వాలుగా ఉంది. కాలేజీదాంట్లో అచ్చుగుద్దినట్టు ఉంది. "తెలిసిందే కదా, తొందరేముంది" అన్నాడు. నేను ఏమీ అనలేక మిషను దగ్గరకు వెళ్ళిపోయాను.

మా దగ్గర డబ్బు లేక వాడి వయసు ఇచ్చుకున్నాం. డబ్బున్న ఇంటి పిల్లాడైతే ఆ లక్షా ఇరవై వేలు కట్టి రెండో సంవత్సరంలో కూర్చునేవాడు. దెబ్బ ఇద్దరికీ ఒకటే, ఒకే మైదానంలో తగిలింది. నేను మీ ముందు పెడుతున్న మాట ఇదొక్కటే. శిక్షణలో గాయపడిన పిల్లాణ్ని డబ్బా, ఏళ్ళా, ఏదో ఒకటి ఇచ్చుకో అని అడగకండి.

ఇంజనీరింగ్ ఎందుకు చూడలేదని అడుగుతారేమో. జేఈఈ మెయిన్ 2025కు 2023లో, 2024లో పన్నెండు పాసైనవాళ్ళు, ఆ ఏడు పరీక్ష రాసేవాళ్ళు మాత్రమే అర్హులు. మా వాడు 2022 బ్యాచ్. జేఈఈ అడ్వాన్స్‌డ్ అయితే వరుసగా రెండేళ్ళు మించి రాయనివ్వరు. అంటే దేశం కోసం ఖాకీ వేసుకున్న కాలం కూడా కాలయాపన కిందే లెక్కకొచ్చింది. ఈఏపీసెట్ రాయొచ్చు. అందులో సైనికుల పిల్లలకు క్యాప్ కింద 2 శాతం, ఎన్‌సీసీ వాళ్ళకు 1 శాతం సీట్లున్నాయి. ఉండాల్సిందే. కానీ శిక్షణలోనే నడుం విరిగిన కేడెట్ ఈ రెండింటిలో దేనిలోకీ రాడు.

ఎందుకు రాడో నాకు మెల్లగా తెలిసింది. మాజీ సైనికుల వ్యవహారాలు చూసే ఓ ఆఫీసుకు వెళ్తే, కమిషన్, అంటే ఆఫీసరుగా నియామకం, అందుకున్నాకే ఆఫీసర్, అందాకా కేడెట్ సైనికుడు కాదు, కాబట్టి మాజీ సైనికుడూ కాడు అని చెప్పారు. కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది. నెలకు అబ్బాయిలకు 2,500, అమ్మాయిలకు 3,000. అది మాజీ సైనికుల పిల్లలకు. మా వాడు ఎవరి పిల్లాడు? ఆటో నడిపే ఆయన పిల్లాడు. ఆ స్కాలర్‌షిప్ వాడికి వర్తించదు.

పూర్తిగా ఏమీ ఇవ్వరని నేను అనను. శిక్షణ వల్ల వైకల్యం వచ్చిందని తేలితే నెలకు 9,000 రూపాయల ఎక్స్‌గ్రేషియా ఉంది. దాని మీద నూరు శాతం వైకల్యానికి 16,200, తక్కువ ఉంటే ఆ శాతం ప్రకారం ఇస్తారు. మా వాడికి 30 శాతం రాశారు. అంటే 4,860. మొత్తం 13,860. ఫైలు నడుస్తోంది, ఇంకా చేతికి రాలేదు. వచ్చినా మందులకు, ఫిజియోథెరపీకి, బస్సు చార్జీలకు పోగా కాలేజీ ఫీజుకు ఏం మిగులుతుంది? ఎన్డీఏలో, అంటే జాతీయ రక్షణ అకాడమీలో, చదివే మూడేళ్ళూ కేడెట్లకు స్టైపెండ్ ఉండదు. నెలకు 56,100 అన్నది ఆ తర్వాత ఐఎంఏ (భారత సైనిక అకాడమీ) లాంటి చోటికి వెళ్ళాకే మొదలవుతుంది. మధ్యలో ఇంటికొచ్చిన పిల్లాడి దగ్గర దాచుకున్నదంటూ ఏమీ ఉండదు.

చేరేటప్పుడు తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించుకునే కాగితం ఒకటుంది. శిక్షణలో దెబ్బ తగిలినా పరిహారం అడగం అని. ఇంకోటుంది. తన చేతిలో ఉన్న కారణాలతో పిల్లాడు మధ్యలో మానేస్తే శిక్షణ ఖర్చు ప్రభుత్వం నిర్ణయించినంత తిరిగి కడతాం అని. మా ఆయన రెండింటి మీదా సంతకం పెట్టారు. ఆ రోజు ఆయనకు ఎంత గర్వమో నేను చూశాను. ఆ సంతకం పెట్టినందుకు ఇవాళ్టికీ ఆయన పశ్చాత్తాపపడలేదు. రెండోవాడు కూడా సైన్యంలోకి వెళ్తానంటే పంపుతానంటారు. నాకు మాత్రం భయం.

2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ పిల్లల సంగతి పత్రికలో చూసి తనంతట తానే కేసుగా తీసుకుంది. జస్టిస్ నాగరత్న గారి ధర్మాసనం విచారించింది. 1985 నుంచి ఇలా దాదాపు 500 మంది కేడెట్లు అకాడమీల నుంచి ఇంటికి పంపేయబడ్డారని, ఒక్క ఎన్డీఏ నుంచే 2021కీ 2025 జూలైకీ మధ్య 20 మంది వచ్చేశారని అప్పుడే మాకు తెలిసింది. అంతవరకూ మా ఒక్కరికే ఇలా జరిగిందనుకున్నాం. ఆ నెలాఖరుకే రక్షణ శాఖ వీళ్ళను మాజీ సైనికుల వైద్య పథకమైన ఈసీహెచ్‌ఎస్‌లో చేర్చింది. చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఎన్ని ఇళ్ళల్లో ఆ రోజు ఊపిరి పీల్చుకుని ఉంటారో. అంతకుముందు 2024లో, మాజీ సైనికులకు ఉండే పునరావాస పథకాలను వీళ్ళకూ వర్తింపజేశారు. అవి ఎక్కువగా వ్యాపారాలకు, డీలర్‌షిప్‌లకు సంబంధించినవి. ముప్పై దాటినవాళ్ళకు పనికొస్తాయి. ఇరవై ఏళ్ళ పిల్లాడికి ముందు కావాల్సింది డిగ్రీ. వైద్యం వచ్చింది, పునరావాసం వచ్చింది, మధ్యలో చదువు ఒక్కటి జారిపోయింది.

టెక్సాస్‌లో ఉంటున్న మా పెదనాన్నగారి అమ్మాయి ఫోన్‌లో అక్కడి సంగతి చెప్పింది. వెస్ట్ పాయింట్, అన్నాపొలిస్ లాంటి అకాడమీల్లో మూడో ఏడు మొదలయ్యే లోపు పిల్లలు మానేసి వేరే కాలేజీకి వెళ్ళిపోతే తిరిగి కట్టాల్సింది ఏమీ ఉండదట. కాలేజీ ఖర్చుకు సర్కారు సాయం కోసం నింపే ఫాఫ్సా ఫారంలో, అకాడమీలో కేడెట్‌గా ఉండి మచ్చ లేకుండా బయటికొచ్చిన పిల్లాణ్ని మాజీ సైనికుడి కిందే లెక్కేస్తారట. అప్పుడు తల్లిదండ్రుల ఆదాయం చూడరు, పిల్లాడి సొంత ఆదాయాన్ని బట్టే సాయం ఇస్తారు. అక్కడా ఇబ్బందులు ఉండే ఉంటాయి. ఉచితంగా చదివిన పిల్లాడికి ఒక్కసారిగా వేల డాలర్ల ఫీజంటే మాటలా? కానీ ఫారంలో వాడికంటూ ఒక గడి ఉంది. మా వాడు ఇక్కడ ఏ ఫారం నింపినా వాడి గడి అందులో ఉండదు. "ఇతరములు" అని టిక్కు పెడతాడు.

ఇప్పుడు ఏం చేయమంటానో చెబుతాను. పెద్ద ఖర్చు కాదు. రక్షణ శాఖ లెక్క ప్రకారమే ఏటా ఇలా వచ్చేవాళ్ళు దేశం మొత్తం మీద 10 నుంచి 20 మంది. మన రెండు రాష్ట్రాల వాటాకు ఎందరు రాగలరో మీరే చూసుకోండి.

అన్నిటికంటే ముందు మార్కులు. యూజీసీ 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ తెచ్చింది. ఒకచోట చదివిన క్రెడిట్లు, అంటే పాసైన సబ్జెక్టులకు వచ్చే పాయింట్లు, ఖాతాలో వేసుకుని ఇంకోచోట వాడుకోవచ్చంది. కొత్త విద్యా విధానంలో ఏడాది చదివితే సర్టిఫికెట్, రెండేళ్ళు చదివితే డిప్లొమా అన్నారు. ఈ రెండూ మా వాడి లాంటి పిల్లల కోసమే పుట్టాయనిపించింది నాకు. కేడెట్ అకాడమీ గేటు దాటే రోజుకు వాడి ప్రతి టర్ము క్రెడిట్లూ ఆ ఖాతాలో కనిపించాలి. డిశ్చార్జి కాగితంతో పాటు, కాలేజీ క్లర్కుకు అర్థమయ్యే టీసీ, ట్రాన్స్‌క్రిప్ట్ చేతిలో పెట్టాలి. ఇందుకు రూపాయి ఖర్చు లేదు.

రెండోది ఉన్నత విద్యామండళ్ళ చేతిలో ఉంది. ప్రతి విశ్వవిద్యాలయంలో ఈ పిల్లల కోసం రెండో సంవత్సరంలో, మూడో సంవత్సరంలో అదనపు సీట్లు పెట్టండి. ఎవరి సీటూ తీసి ఇవ్వొద్దు. డిప్లొమా చదివినవాళ్ళు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడులో చేరుతున్నారు కదా. మధ్యలో చేరే దారి మనకు కొత్తేమీ కాదు. అలా చేరిన సీటును కన్వీనర్ సీటుగానే చూడాలని ఒక్క ఉత్తర్వు ఇస్తే ఫీజు రీయింబర్స్‌మెంట్ దానంతటదే వస్తుంది. మా ఇంటి ఆదాయం రెండున్నర లక్షలు దాటదు, అర్హత మాకు ఎలాగూ ఉంది. ఆగిపోయింది చేరిన దారి దగ్గరే. గాయపడిన కేడెట్ విషయంలో ఆదాయ పరిమితి కూడా తీసేస్తే ఇంకా న్యాయం. దెబ్బ వాడికి తగిలింది, నాన్న జీతానికి కాదు.

రక్షణ శాఖకు ఒక విన్నపం. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌లోనే ఈ పిల్లలకు చోటివ్వండి, లేదా వాళ్ళకంటూ వేరేది పెట్టండి. డిగ్రీ పూర్తయ్యే దాకా ఫీజు, పుస్తకాలు భరిస్తే చాలు. కేడెట్లకు బీమా ఉండాలని సుప్రీంకోర్టు కూడా సూచించింది. ఆ బీమా పెట్టేటప్పుడు అందులో చదువు ఖర్చును కూడా రాయండి.

తనంతట తాను మానేసిన పిల్లల గురించి కూడా ఒక మాట. వాళ్ళను ఇంటా బయటా పిరికివాళ్ళంటారు. పదహారున్నరేళ్ళకే అప్లై చేసిన పిల్లాడికి, పద్దెనిమిదేళ్ళ అమ్మాయికి, ఇది నా దారి కాదని ఆర్నెల్లకో ఏడాదికో తెలిస్తే అది నేరమా? ఆ పనిలో మనసు లేని ఆఫీసరు కింద మన పిల్లలే జవాన్లుగా ఉండాలి కదా. మొదటి రెండేళ్ళలో మానేసినవాళ్ళ దగ్గర శిక్షణ ఖర్చు అడగడం మానుకుంటే మంచిదని నా అభిప్రాయం. ఒకపక్క ఆ ఖర్చు తిరిగి కడుతూ ఇంకోపక్క కాలేజీ ఫీజు కట్టగల ఇళ్ళు మా చుట్టుపక్కల లేవు.

2025 మే 30న ఎన్డీఏ నుంచి మొదటిసారి 17 మంది అమ్మాయిలు కోర్సు పూర్తి చేసి బయటికొచ్చారు. ఆ పరేడ్ మా ఇంట్లో అందరం ఫోన్‌లో చూశాం. మా వాడు మాత్రం ప్రతి స్క్వాడ్రన్ కదలికా ముందే చెబుతూ కూర్చున్నాడు. మా వీధి చివర పదో తరగతి చదివే అమ్మాయి రోజూ పొద్దున్న ఐదింటికి పరిగెడుతుంది. వాడి దగ్గరకే వచ్చి లెక్కలు చెప్పించుకుంటుంది. వాళ్ళమ్మ నా దగ్గర జాకెట్లు కుట్టించుకుంటుంది. కొలత తీస్తుంటే నన్ను అడిగింది, "అక్కా, మా అమ్మాయికి మీ వాడిలా అయితే ఆ తర్వాత చదువు సంగతేంటి?" అని. కొలత టేపు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఏం చెప్పాలో మీరు చెప్పండి.

వచ్చే విద్యా సంవత్సరం అడ్మిషన్ల నోటిఫికేషన్ వచ్చేలోపు ఆ ఉత్తర్వు వస్తే, మా వాడు కూడా ఒక సంవత్సరం ముందుకు జరగొచ్చు. వాడి క్రెడిట్లు ఇంకా చెల్లుతాయి. ఈ ఉత్తరంలోని ఇంగ్లిషు నిబంధనలన్నీ వాడే చదివి చెప్పాడు. మాటలు మాత్రం నావి. మూడు టర్ముల మార్కుల కాగితాలూ జిరాక్స్ తీసి దీనితో జతచేస్తున్నాను. ఒరిజినల్స్ ఆ నల్ల పెట్టెలో ప్లాస్టిక్ కవర్లోనే ఉన్నాయి. ఎక్కడికి, ఎప్పుడు రమ్మన్నా పట్టుకుని వస్తాం.

ఇట్లు,
ఒక కేడెట్ తల్లి,
విజయనగరం జిల్లా